టెక్ సందేహాలు: తెర చదివే గొంతుల గురించి

ప్రశ్న: ఎడ్జ్ బ్రౌజర్‌లో ‘రీడ్ అలౌడ్’ నొక్కితే తెలుగును అచ్చం మనిషి చదివినట్టే చదువుతోంది. అదే కంప్యూటర్‌లో చూపులేనివారికి తెర చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ మాత్రం మర గొంతుతో చదువుతోంది. ఎడ్జ్ గొంతును ఎన్‌వీడీఏకి పెట్టుకోవచ్చా?

జవాబు: నేరుగా కుదరదు. ఎడ్జ్‌లో వినిపించే శ్రుతి, మోహన్ గొంతులు మీ కంప్యూటర్‌లో లేవు. కంట్రోల్+షిఫ్ట్+యు నొక్కగానే పేజీలోని వాక్యాలు మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు వెళ్లి, అక్కడ ఆడియోగా మారి తిరిగొస్తాయి. ఒకసారి నెట్ ఆపేసి చూడండి, ఆ రెండూ పలకవు. ఎన్‌వీడీఏ మాత్రం కంప్యూటర్‌లోనే ఉన్న గొంతులను వాడుకుంటుంది: తనతో పాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ, విండోస్‌లోని వన్‌కోర్ గొంతులు, శాపీ (విండోస్ ప్రోగ్రాములు గొంతులను వాడుకునే పాత ఏర్పాటు) పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసుకున్నవి.

వ్యాసం చదివి వినిపించడం వేరు, తెర మీద పని చేయించడం వేరు. బాణం కీతో మెనూలో గబగబా దిగుతున్నవారికి కీ నొక్కిన మరుక్షణం మాట మొదలవ్వాలి, తర్వాతి కీ నొక్కగానే పాత మాట ఆగిపోవాలి. ప్రతి మాటా సర్వర్ దాకా వెళ్లి రావాలంటే ఆ ఆలస్యానికి పని నడవదు. ఎడ్జ్ గొంతును శాపీలోకి మళ్లించే అనధికారిక ప్రోగ్రాములు ఉన్నాయి కానీ నేను వద్దనే అంటాను. బ్యాంకు ఖాతా వివరాలు, సొంత మెసేజ్‌లతో సహా తెర మీది ప్రతి మాటా బయటికి పోతుంది. సర్వర్‌లో ఏదైనా మారిన రోజున కంప్యూటర్ మూగబోతుంది, దాన్ని సరిచేసుకోవడానికి తెర చదివేవాళ్లూ ఉండరు.

ఉన్నదాన్నే మెరుగుపరచుకునే దారి ఉంది. ఎన్‌వీడీఏ+కంట్రోల్+ఎస్ (ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్) నొక్కి ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకోండి. తర్వాత ఎన్‌వీడీఏ+కంట్రోల్+వి నొక్కి, వాయిస్ దగ్గర తెలుగు పెట్టండి. తెలుగు గొంతు పెడితే మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలనూ ఈస్పీక్ చదివేస్తుంది. ఇంగ్లిష్ గొంతు పెట్టి తెలుగు పేజీ తెరిస్తే మాత్రం మాటలు రావు. అక్కడే ఉన్న ‘వేరియంట్’ మారుస్తూ వినండి, కొన్నిటితో గొంతులోని గరగర బాగా తగ్గుతుంది. ‘ఆటోమేటిక్ లాంగ్వేజ్ స్విచ్చింగ్’ మీద మరీ ఆశ పెట్టుకోకండి. పేజీ తయారుచేసినవారు ఏ భాగం ఏ భాషో కోడ్‌లో రాసి ఉంటేనే అది పనిచేస్తుంది. తెలుగు సైట్లలో చాలా వాటిలో అది రాసి ఉండదు.

పొడవైన వ్యాసాలకు వేరే గొంతు లేదా వేరే వేగం కావాలంటే ఎన్‌వీడీఏ+కంట్రోల్+పి నొక్కి కొత్త ప్రొఫైల్ చేసుకుని, వాడకం దగ్గర ‘సే ఆల్’ (ఏకబిగిన చదివించడం) ఎంచుకోండి. మార్పులు చేసేందుకు ప్రొఫైల్‌ను ఇప్పుడే యాక్టివేట్ చేయాలా అని అడుగుతుంది. సరే అని గొంతు మార్చుకున్నాక, అదే డైలాగ్‌కు తిరిగి వెళ్లి ‘మాన్యువల్ డీయాక్టివేట్’ నొక్కాలి. ఎక్కువమంది ఈ చివరి పని మరిచిపోయి, మెనూలు కూడా నెమ్మది గొంతుతోనే వస్తున్నాయని కంగారుపడతారు.

ప్రశ్న: ఏళ్లుగా స్క్రీన్ రీడర్ వాడుతున్నవారు సహజమైన గొంతులు వదిలేసి, ఎలోక్వెన్స్ అనే పాత మర గొంతునే పట్టుకుని ఉంటారు. అలవాటేనా, వేరే కారణం ఉందా? అది ఫోన్‌లో దొరుకుతుందా?

జవాబు: అలవాటూ కొంత ఉంటుంది. అసలు కారణం తయారీలో ఉంది. ఎలోక్వెన్స్ ఫార్మంట్ పద్ధతిది. రికార్డు చేసిన మనిషి గొంతు ముక్కలు అందులో ఉండవు, నోటిలోంచి ధ్వని ఎలా వస్తుందో సూత్రాలతో లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది. ఎంఐటీలో డెన్నిస్ క్లాట్ చేసిన పరిశోధన నుంచి 1980ల్లో వచ్చిన డెక్‌టాక్ అనే మర గొంతుదీ ఇదే దారి. వేగం మూడింతలు చేసినా హల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. ఏ మాటనైనా ప్రతిసారీ ఒకేలా పలుకుతుంది కాబట్టి చెవి ముందే పోల్చుకుంటుంది. మనుషుల రికార్డింగుల నుంచి నేర్చుకుని పలికే న్యూరల్ గొంతుల దారి వేరు. 2016లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ చూపిన వేవ్‌నెట్ సెకనుకు 16,000 శబ్ద నమూనాలను ఒకదాని తర్వాత ఒకటి ఊహిస్తూ పోయేది. నాణ్యత అద్భుతం, లెక్క మాత్రం చాలా బరువు. తర్వాత వచ్చినవి ఎంతో తేలికపడ్డా, వేగం పెంచితే మాటలు ముద్దగా రావడం, ఒకే అంకెను రెండు చోట్ల రెండు రకాలుగా పలకడం ఇప్పటికీ ఎదురవుతాయి.

పెద్ద కంపెనీల వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. స్క్రీన్ రీడర్ అంటే విడిగా, ఖరీదు పెట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌గా ఉన్న కాలంలో, 2005లో యాపిల్ మ్యాక్‌లోనే వాయిస్‌ఓవర్ పెట్టి ఇచ్చింది. 2009లో ఐఫోన్ 3జీఎస్‌కూ తెచ్చి, బటన్లు లేని గాజు తెరను చూపులేనివారూ వాడగలరని నిరూపించింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 1.6లో గూగుల్ గొంతు ఇంజిన్ పెట్టింది, తర్వాత బయటివారి ఇంజిన్లకూ చోటిచ్చింది. ఐఫోన్‌లో ఆ తలుపు తెరుచుకోవడానికి 2022లో ఐఓఎస్ 16 రావలసి వచ్చింది. మీరడిగిన ఎలోక్వెన్స్‌ను కూడా యాపిల్ ఆ వెర్షన్‌తోనే ఇచ్చింది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, వాయిస్‌ఓవర్, స్పీచ్ అంటూ వెళ్లి ఇంగ్లిష్ గొంతుల్లో చూస్తే రీడ్, షెల్లీ, ఎడ్డీ పేర్లతో ఉంటుంది. ఎలోక్వెన్స్ తెలుగు పలకదు. అందుకని అదే స్పీచ్‌లో, వేళ్లతో తిప్పి భాష మార్చుకునే రోటర్ జాబితాకు తెలుగును విడిగా చేర్చుకోండి.

మేలుతో పాటు వచ్చిన చిక్కును కూడా చెప్పాలి. గొంతు కంపెనీది, చెవి మాత్రమే మనది. ఎలోక్వెన్స్‌ను తయారుచేసిన చిన్న సంస్థను 2000లో స్పీచ్‌వర్క్స్ కొంది. దాన్ని 2003లో స్కాన్‌సాఫ్ట్ కలుపుకుంది, 2005లో ఆ స్కాన్‌సాఫ్టే న్యూయాన్స్‌గా పేరు మార్చుకుంది. చేతులు మారాయి తప్ప గొంతు మీద పని పెద్దగా జరగలేదు. ఐవోనా అనే సంస్థ గొంతులను కొని కంప్యూటర్‌లో పెట్టుకునే వీలుండేది. 2013లో అమెజాన్ ఐవోనాను కొంది, 2016లో పాలీ అనే క్లౌడ్ సేవ తెచ్చింది. డిస్కులో ఉండే గొంతు సర్వర్‌కు చేరిందంటే, నెట్ ఉన్నంతసేపే మాట అన్నమాట. అందుకే మీ గొంతు ఏదైనా, రెండోదిగా ఈస్పీక్ లాంటి ఓపెన్ సోర్స్ ఇంజిన్ ఒకటి ఉంచుకోమని గట్టిగా చెబుతాను.

ప్రశ్న: నెట్ లేనప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ తెలుగు చదవడం లేదు.

జవాబు: తెలుగు వాయిస్ డేటా ఫోన్‌లోకి దిగలేదు. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ తెరిచి, ఇంజిన్‌గా గూగుల్‌దే ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లలో తయారీ కంపెనీ సొంత ఇంజిన్ ముందుంటుంది. గేర్ గుర్తు నొక్కి ‘ఇన్‌స్టాల్ వాయిస్ డేటా’లో తెలుగు దించుకోండి. దిగిందనుకుని వదిలేయకుండా, ఫ్లైట్ మోడ్ పెట్టి ఒక తెలుగు మెసేజ్ చదివించి చూడండి.

ప్రశ్న: కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు తెరిస్తే స్క్రీన్ రీడర్ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది.

జవాబు: తప్పు గొంతుది కాదు, ఫైల్‌ది. అను లాంటి పాత డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే) ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టాయి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు ఇంగ్లిష్ గుర్తులు. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు, ఏమీ రాకపోతే స్కాన్ చేసిన బొమ్మ. రెంటికీ తేలిక మందు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి మాటలుగా మార్చడం. ఎన్‌వీడీఏ+ఆర్‌తో వచ్చే విండోస్ ఓసీఆర్‌కు తెలుగు రాదు. ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. 2 ఎంబీ దాటితే ముక్కలు చేసి ఎక్కించండి. వత్తులు, అంకెలు తప్పే చోట్లు ఉంటాయి, ముఖ్యమైన సంఖ్యలను ఇంకొకరితో సరిచూపించుకోండి.

ప్రశ్న: నరాల జబ్బుతో మాట తగ్గిపోతున్న మా బంధువు గొంతును దాచిపెట్టవచ్చా?

జవాబు: యాపిల్ 2023లో ఐఓఎస్ 17తో ‘పర్సనల్ వాయిస్’ తెచ్చింది. మొదట్లో 150 వాక్యాలు చదవాలి, సుమారు 15 నిమిషాల పని. కానీ అది తెలుగులో లేదు, తయారైన గొంతు యాపిల్ పరికరాల్లోనే పలుకుతుంది. తెలుగు కోసం ఇప్పుడే మొదలుపెట్టదగ్గది మాటలను నేరుగా రికార్డు చేయడం. ఇంట్లోవాళ్ల పేర్లు, పిలుపులు, ‘నీళ్లు కావాలి’, ‘నొప్పిగా ఉంది’ లాంటి అవసరాలు, ఆయన ఊతపదాలు, నవ్వు కూడా. ఫ్యాన్ ఆపిన గదిలో, మైకు నోటికి జానెడు దూరంలో, వేవ్ ఫార్మాట్‌లో, ఒక్కో మాటకు ఒక్కో ఫైల్. అలసిపోయాక చేసిన రికార్డింగులో గొంతు పలచబడుతుంది కాబట్టి ఉదయం పూట కొద్దికొద్దిగా చేయండి, ఫైళ్లను రెండు చోట్ల దాచండి.