న్యూరోజెనిన్ సందేహానికి సమాధానం

“న్యూరోజెనిన్ కణాలను న్యూరాన్లుగా మారుస్తుంటే, కప్ప పిండంలో నాడీఫలకం మొత్తం ఎందుకు మారిపోదు?” అని అడిగారు. న్యూరోజెనిన్ అంటే కణాన్ని న్యూరాన్‌గా, అంటే నాడీకణంగా, మారేలా చేసే ప్రొటీన్; నాడీఫలకం అంటే పిండంలో మెదడు, వెన్నుపాముగా రూపొందే కణాల పొర. విశాఖలో డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేనూ ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మీ లెక్కలో నాచ్ లేదు. అది పక్క కణం నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే ప్రొటీన్. న్యూరోజెనిన్ పెరిగిన కణం తన పైపొర మీద డెల్టా అనే ప్రొటీన్‌ను నిలుపుతుంది. అది పక్క కణంలోని నాచ్‌ను మేల్కొలిపి, అక్కడ న్యూరోజెనిన్‌ను అణచివేస్తుంది. అందుకే జెనోపస్ అనే కప్ప పిండంలో తొలి న్యూరాన్లు నడిరేఖకు ఇరువైపులా మూడేసి చారల్లో, చుక్కల్లా విడివిడిగా కనిపిస్తాయి. అణగిన కణాలు వృథా కావు. సాక్స్2 వంటి ప్రొటీన్లు వాటిని తర్వాతి దశల కోసం కాపాడతాయి. నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

1995లో శాస్త్రవేత్తలు ఈ పిండాల్లో డెల్టా పనిని అడ్డుకుని చూశారు. ఆ చారల్లోనే న్యూరాన్లు కిక్కిరిసిపోయాయి. చారల మధ్య ఖాళీలను కాపాడే పని జిక్2 వంటి ప్రొటీన్లది.