మా అమ్మాయి పాడదట, పాటలు తయారుచేస్తుందట!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కొరియా గ్రూపు గర్ల్స్ జనరేషన్ పాడిన ‘ఐ గాట్ ఎ బాయ్’ పదే పదే పెట్టి, ఇలాంటివి తయారుచేస్తానంటోంది. పాడటం కాదట, తయారుచేయడమేనట. నాకైతే నాలుగు పాటలు అతికించినట్టు ఉంది. ఇదీ ఒక ఉద్యోగమేనా? – ఓ తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీరు విన్నది కరెక్టే. 2013 జనవరి 1న ఆ పాట వచ్చినప్పుడు చాలామంది ఇదే మాట అన్నారు. మన సినిమా పాటకు పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అని ఒక దారి ఉంటుంది. ఇందులో ఒక ట్యూన్ చెవికి అలవాటయ్యేలోపే ఇంకోటి మొదలవుతుంది, వేగమూ మారిపోతుంది. ఒకచోట తిరిగి 140కి వెళ్దామని ఆ అమ్మాయిలే కేకేసి చెబుతారు. అంటే నిమిషానికి 140 బీట్లు. అతుకును దాచలేదు, అందరికీ కనబడేలా పెట్టారు. రాగమాలికలో రాగం మారే చోట మన విద్వాంసులు పడే జాగ్రత్త గుర్తొస్తుంది నాకు.

మీ అమ్మాయికి నచ్చింది ఆ అతుకా, వీడియోలో డాన్సా? అది తేలాలి. పరీక్షలయ్యాక, వేర్వేరు వేగాల్లో ఉన్న రెండు సొంత ట్యూన్లను కలిపి ఒక్క నిమిషం ముక్క చేయమనండి. ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు. పాటలు తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ట్రయల్ వాడితే మాత్రం, సేవ్ చేసిన ప్రాజెక్ట్ మళ్లీ తెరుచుకోదని ముందే చెప్పండి. లేకపోతే ఏడుస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. ఆ పాట ఒక్కరు చేసింది కాదు. కొరియా రచయిత యూ యంగ్-జిన్‌తో పాటు యూరప్ వాళ్లూ పనిచేశారు. మన ఫిల్మ్‌నగర్‌లో ఇలా కంప్యూటర్‌లో పాట ట్రాక్ కట్టేవాళ్లను ప్రోగ్రామర్లంటారు. నెల జీతం ఉండదు, ఎక్కువగా పాటకింత అని ఇస్తారు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక ట్యూన్ కట్టినవారికి, సాహిత్యం రాసినవారికి రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, వాటా హక్కు వచ్చింది. ప్రోగ్రామింగ్ మాత్రమే చేస్తే మామూలుగా ఆ వాటా రాదు. అందుకే సొంత ట్యూన్లు కట్టడం, తన పేరు వేయించుకోవడం, ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవడం ఆలస్యం చేయకూడదు.

ఎప్‌సెట్ మానేయమని మాత్రం నేను చెప్పను. డిగ్రీ చదువుతూనే సంగీతం నేర్చుకోవచ్చు. రాంకోఠిలో శ్రీ త్యాగరాయ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. పూర్తిగా ఇటే రావాలనుకుంటే చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సుకు డిగ్రీ కావాలి, అది తర్వాతి మాట. లక్షలు కట్టించుకునే ప్రైవేటు సంస్థల్లో చేరే ముందు, ఒక్కో విద్యార్థికి స్టూడియోలో ఎన్ని గంటలు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. కోర్సంతా పూర్తయినా స్టూడియోలో సౌండ్ మిక్స్ చేసే కన్సోల్ ముట్టుకోని పిల్లలు నా దగ్గరికి వచ్చారు.

ఆ ఒక్క నిమిషం ముక్క రెడీ అయ్యాక ముందు మీరే వినండి. ఎక్కడ తడబడ్డట్టు అనిపించిందో ఆ సెకను చెప్పండి, ఎందుకో చెప్పక్కర్లేదు. అక్కడ ఏం చేయాలో తను వెతుక్కుంటుందా, ‘అమ్మా, నీకు తెలీదులే’ అంటుందా చూసి మళ్లీ రాయండి.