అమ్మాయి క్యాంపస్‌కు వెళ్తోంది: మొదటి సెమిస్టర్‌లో ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక గ్రామం. మా అమ్మాయికి కూకట్‌పల్లి జేఎన్‌టీయూ క్యాంపస్ కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది. హాస్టల్‌లో ఉంటుంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో, ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదివింది. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. సీనియర్ల జోలికి పోవద్దని, చదువు తప్ప వేరే ధ్యాస వద్దని చెప్పాం. ప్రతి శనివారం ఇంటికి తీసుకొద్దామని, ఇప్పుడే కోడింగ్ శిక్షణలో చేర్పిద్దామని అనుకుంటున్నాం. ఇది సరైనదేనా? – ఒక తండ్రి

జవాబు: ముందుగా మీ అమ్మాయికి అభినందనలు. ఊరి బడిలో తెలుగులో చదువుకుని ఆ క్యాంపస్‌లో సీటు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. మీ భయం కూడా నాకు అర్థమైంది. అయితే మీరు అనుకున్న జాగ్రత్తల్లో చాలావరకు ఆమెకు అడ్డుపడేవే అని చెప్పక తప్పదు.

ఇంటర్ రెండేళ్ళూ ఎన్నింటికి లేవాలి, ఏ పుస్తకం తీయాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించారు. వారం వారం పరీక్షలు, ర్యాంకులు, ఇంటికి మెసేజ్‌లు. క్యాంపస్‌లో ఆ ఏర్పాటు ఏదీ ఉండదు. తరగతికి వెళ్ళకపోతే ఆ రోజు ఎవరూ నిలదీయరు. హాజరు తక్కువైందన్న నోటీసు కంటపడేసరికి సెమిస్టర్ చివరికి వచ్చేసి ఉంటుంది. నేను చూసిన మొదటి సంవత్సరం విద్యార్థుల్లో చెడు సావాసాల వల్ల దెబ్బతిన్నవారు తక్కువ. తెలియని సంగతి అడగడానికి మొహమాటపడి గదిలోనే ఉండిపోయినవారు చాలా ఎక్కువ. అందుకని ఈ కొన్ని నెలల్లో మీ అమ్మాయికి అన్నిటికంటే ముందు అలవాటు కావలసింది, వెళ్ళి అడగడం.

ఆ పని చేరే రోజు నుంచే మొదలుపెట్టించండి. మీరు వెంట వెళ్ళండి, కానీ కౌంటర్ దగ్గర మాట్లాడేది ఆమె కావాలి. ధ్రువపత్రాల ఫైలు ఆమె చేతిలోనే ఉండాలి. ప్రతి పత్రానికీ నాలుగైదు జిరాక్స్ ప్రతులు, ఫోనులో స్కాన్ చేసిన కాపీలు ఉంచుకోమనండి. పదో తరగతి, ఇంటర్ మెమోల వంటి ఒరిజినల్స్‌ను సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి తప్ప కళాశాలలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో స్పష్టంగా చెప్పింది. ఉపకారవేతనానికి అర్హత ఉంటే ఈపాస్ (ప్రభుత్వ ఉపకారవేతనాల వెబ్‌సైట్) దరఖాస్తు, ఆధార్‌తో అనుసంధానమైన సొంత బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం కూడా ఆమే చూసుకోవాలి. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. గడువు ఎప్పుడో తెలియక నష్టపోయేవారు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం మొదటిసారి ఆఫీసుకు వెళ్ళి ‘రేపు రండి’ అనిపించుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్న అమ్మాయికి, ఆ తర్వాత ఏ ఆఫీసన్నా అంత బెరుకు ఉండదు.

ఇక హాజరు సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా ఇక్కడే పడిపోతున్నారు. జేఎన్‌టీయూలో సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణానికి ఆధారాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు. అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. వందకు పాతిక తరగతులు మానవచ్చు కదా అని మొదట్లో అనిపిస్తుంది. కానీ దసరా సెలవులకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు, దీపావళికి ఇంకో రెండు, బంధువుల పెళ్ళి, నాలుగు రోజుల జ్వరం లెక్క వేసి చూడండి, ఆ పాతిక ఎంత త్వరగా కరిగిపోతుందో. వానాకాలంలో హైదరాబాద్ హాస్టళ్ళలో డెంగీ జ్వరాలు మామూలే. దోమతెర తప్పకుండా పంపండి. జ్వరం వస్తే డాక్టరు చీటీలు, రక్తపరీక్ష నివేదికలు దాచుకోమనండి.

ప్రతి శనివారం ఇంటికి రావడం వద్దంటున్నది కూడా ఇందుకే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి రావడం సులభమే. అయితే శనివారం మధ్యాహ్నమే మనసు బస్టాండు మీదకు పోతుంది, సోమవారం ఉదయం తరగతి పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆదివారాల్లోనే హాస్టల్‌లో స్నేహాలు కుదురుతాయి. ఎవరు లెక్కలు బాగా చెబుతారు, ఎవరి దగ్గర నోట్సు ఉంది, ఏ ప్రయోగశాల రికార్డు ఎప్పుడు దిద్దించుకోవాలి అన్నవి అప్పుడే తెలుస్తాయి. మొదటి రెండు నెలలు నెలకు ఒకసారి వస్తే చాలు. మిగతా వారాల్లో వీలైతే మీరే వెళ్ళి రండి.

సీనియర్ల విషయంలో భయం సహజమే. ర్యాగింగ్‌ను నేరంగా ప్రకటిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ఏటా హామీపత్రం ఇవ్వాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఈ నంబరు ఆమె ఫోనులో ఉండాలి. ఎవరైనా అవమానిస్తే, భయపెడితే, డబ్బు గుంజితే ఒక్క రోజు కూడా ఓర్చుకోనక్కర్లేదని గట్టిగా చెప్పండి. అంతమాత్రాన సీనియర్లందరికీ దూరంగా ఉండమంటే ఆమెకే నష్టం. పాత ప్రశ్నపత్రాలు, వాడిన డ్రాయింగ్ సామగ్రి, ఏ పుస్తకం చదివితే అర్థమవుతుందో చెప్పే సలహా, అన్నీ వారి దగ్గర దొరుకుతాయి. మీ జిల్లా నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన అక్కలు ఒకరిద్దరు తప్పక ఉంటారు. వారిని పరిచయం చేసుకోమనండి.

మొదటి సంవత్సరం పాఠాల్లో ఇంగ్లిష్ ఒక్కటే ఇబ్బంది అనుకోకండి. ఇంటర్‌లో ఎప్‌సెట్ (ఇదివరకటి ఎంసెట్) కోసం నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం అలవాటైంది. ఇక్కడ పేజీల కొద్దీ వివరించి రాయాలి. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ఒక వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి మనసులో చూడగలగాలి. ఆ సాధన ఇంతకుముందు ఎక్కడా లేదు. మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు సైతం ఈ సబ్జెక్టులో తప్పడానికి కారణం అదే. ఏ వారం షీటు ఆ వారమే సొంతంగా గీయాలి, చూసి గీస్తే పరీక్షలో చేయి కదలదు. సి ప్రోగ్రామింగ్ కూడా అంతే. తరగతిలో సందేహం ఇంగ్లిష్‌లో అడగలేకపోతే, తరగతి అయ్యాక అధ్యాపకుల గదికి వెళ్ళి తెలుగులోనే అడగమనండి. ఆ తలుపు తట్టడానికి సిగ్గుపడకూడదు. అడిగిన విద్యార్థిని గుర్తుపెట్టుకునే అధ్యాపకులే ఎక్కువ.

బయట కోడింగ్ శిక్షణకు ఈ ఏడాది డబ్బు పోయకండి. సిలబస్‌లో ఉన్న సి ప్రోగ్రామింగ్ గట్టిగా వస్తే చాలు. ఇంకా నేర్చుకోవాలనిపిస్తే ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ఉద్యోగాలకు వచ్చే కంపెనీలు చాలావరకు ముందు చూసేది సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు), బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిన సబ్జెక్టులు) లేకపోవడం. ఆ సీజీపీఏకి పునాది ఈ సెమిస్టరే.

‘చదువు తప్ప వేరే ధ్యాస వద్దు’ అన్న మాటను దయచేసి వెనక్కి తీసుకోండి. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) కానీ, ఏదైనా ఒక క్లబ్బు కానీ, ఆట కానీ ఒకటి ఎంచుకోమనండి. ఒక్కటి చాలు. పది మంది ముందు మాట్లాడటం, ఒక పని పంచుకుని చేయడం వస్తుంది. నాలుగో సంవత్సరం ఇంటర్వ్యూలో అక్కరకు వచ్చేవి ఇవే.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ‘నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం’ అని విద్యార్థుల చుట్టూ తిరిగేవారు ఉన్నారు. సైబర్ మోసాల సొమ్ము అలాంటి ఖాతాల గుండా పోతుంది, కేసు మాత్రం ఖాతాదారు మీద పడుతుంది. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎంత దగ్గరి స్నేహితులకైనా ఇవ్వకూడదు. లోన్ యాప్‌ల జోలికి అసలే పోకూడదు.

మొదటి నెల ఫోనులో ఏడిస్తే కంగారుపడకండి, అది చాలామందికి ఉన్నదే. కానీ తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, తరగతులకు వెళ్ళకపోయినా, ఫోను ఎత్తడం తగ్గించినా ఆలస్యం చేయకుండా బయలుదేరి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఇద్దరి దగ్గరా ఉండాలి.

చివరగా, ఒక సబ్జెక్టు తప్పితే ఏం చేయాలో ఇప్పుడే మాట్లాడుకోండి. రీవాల్యుయేషన్‌కు గడువు కొద్ది రోజులే ఉంటుంది, సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. దారులు ఉన్నాయి. అయితే ఇంట్లో చెప్పడానికి భయపడి ఆ గడువులు దాటపెట్టుకునే పిల్లలు ఉన్నారు. ‘ఫలితం ఎలా వచ్చినా ముందు నాకే చెప్పు, తిట్టను, ఏం చేయాలో కలిసి చూద్దాం’ అని ఆమె బయలుదేరక ముందే మీ నోటితో చెప్పండి.