సినిమా చూసి లాయరునవుతానంటోంది, నమ్మవచ్చా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అమ్మాయి ప్లస్ టూ, కామర్స్. ‘జై భీమ్’, ‘విసారణై’ చూసినప్పటి నుంచి ఒకరోజు లా చదువుతానంటుంది, మరోరోజు డైరెక్షన్ అంటుంది. వాళ్ల నాన్నగారు సి.ఏ. చేయమంటున్నారు. ఇది వట్టి సినిమా పిచ్చేనా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పిచ్చి అనడానికి తొందరపడకండి. ఆ సినిమాల్లో ఆమెను పట్టుకున్నదేమిటో ముందు తేల్చుకోవాలి. కొందరు పిల్లలకు కేసు నచ్చుతుంది. కొందరికి ఆ కేసును తెర మీద చూపిన తీరు నచ్చుతుంది. అడిగితే ఇద్దరూ ‘న్యాయం కోసం’ అనే చెబుతారు.

‘జై భీమ్’ 2021లో వచ్చింది గానీ దాని వెనుక కేసు 1993 నాటిది. కడలూరు ప్రాంతంలో దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లిన ఒక కూలీ పోలీసుల చేతుల్లో చనిపోయాడు. తప్పించుకుని పారిపోయాడని వాళ్లు చెప్పారు. అతని భార్య తరఫున న్యాయవాది కె.చంద్రు మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు, అంటే మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టమని కోర్టు చేత అడిగించడం. పోలీసుల శిక్ష మీద హైకోర్టు తీర్పు వచ్చేసరికి 2006. తెర మీద మూడు గంటలు కూడా పట్టలేదు. మిగతా పదమూడేళ్లలో ఉన్నవి వాయిదాలు, కాగితాల కట్టలు, భయపడిన సాక్షిని మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం. నల్లకోటు గర్జించే సన్నివేశం చూసి లాలో చేరినవాళ్లు రెండో ఏడాదికే నీరుగారిపోవడం నేను చూశాను.

అసలు కేసులో బాధితులు కురవర్ అనే సముదాయం వాళ్లు, సినిమాలో మాత్రం ఇరుళర్ అనే వేరే తెగవాళ్లు. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పి చూడండి. “అలా ఎందుకు మార్చాలి?” అని కోపం తెచ్చుకుంటుందా, “నేనైతే ఏం చేసేదాన్ని” అని ఆలోచనలో పడుతుందా? మొదటిదైతే ఆమెను పట్టుకున్నది కేసు, రెండోదైతే దాన్ని చూపిన తీరు. దీన్ని పరీక్ష అనను, కానీ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

‘విసారణై’ మన తెలుగువాళ్లు కాస్త తల వంచుకుని చూడవలసిన సినిమా. కోయంబత్తూరు ఆటో డ్రైవరు ఎం.చంద్రకుమార్ 1983లో గుంటూరు లాకప్‌లో తాను పడినదాన్ని నవలగా రాస్తే, దాని ఆధారంగా వెట్రిమారన్ తీశారు. అందులో కోర్టు సన్నివేశం చూడండి. జడ్జి అడిగేది తెలుగు, లాకప్‌లో పడిన కూలీలకు వచ్చింది తమిళం. వేరే పని మీద వచ్చిన తమిళ పోలీసు ఒకడు వాళ్ల మాటను తెలుగులో చెబితే గానీ జడ్జికి ఎక్కలేదు.

అందుకే చెన్నైలోని తెలుగు కుటుంబాలను నేను మొదట అడిగేది మార్కులు కాదు: అమ్మాయికి తమిళం ధారాళంగా చదవడం, రాయడం వచ్చా? హైకోర్టులో ఇంగ్లీషు నడుస్తుంది. కింది కోర్టుల్లో తమిళమే. ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు అన్నీ తమిళంలోనే ఉంటాయి. స్కూల్లో పాసవడానికి చదివిన తమిళం అక్కడ చాలదు.

చదువుల సంగతి చూస్తే, ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల లా కోర్సుకు తమిళనాడు డాక్టర్ అంబేద్కర్ లా యూనివర్సిటీ ఉంది, ప్లస్ టూ మార్కుల మీద సీట్లిస్తారు. బెంగళూరు నేషనల్ లా స్కూలుకు, తిరుచ్చిలోని నేషనల్ లా యూనివర్సిటీకి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరాక డబ్బు తక్కువే. చెన్నైలో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని 2024లో లాయర్ల సంస్థ బార్ కౌన్సిల్ చెప్పింది, కానీ దాన్ని నమ్ముకుని ఇంటి అద్దె లెక్కలు వేయకండి. డైరెక్షన్ అయితే తరమణిలో ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ‘జై భీమ్’ దర్శకుడు టి.జె.జ్ఞానవేల్ మొదట పత్రికా విలేఖరి. కాబట్టి జర్నలిజం పేరు కూడా ఆమె చెవిన వేయండి.

నాన్నగారితో గొడవ అక్కర్లేదు. బి.కాం. చేసి తర్వాత మూడేళ్ల లా చదవవచ్చు. సి.ఏ. కావాలనిపిస్తే అప్పటికి ఆ తలుపూ తెరిచే ఉంటుంది.

ఈలోపు ఒక పని పెట్టండి. రాజ్యాంగం 22వ అధికరణం చదివి, రెండు సినిమాలూ మళ్లీ చూడమనండి. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. ఏ సన్నివేశంలో ఏది తప్పిందో రెండు పేజీలు రాయమనండి. తర్వాత ఒక పూట ఎగ్మూరు మేజిస్ట్రేటు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టండి. ఇలాగే ఒక కుర్రాడిని పంపితే నాలుగో వాయిదాకల్లా ఫ్యాను కింద నిద్రపోయాడు. ఇప్పుడు ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు, హాయిగా ఉన్నాడు.

ఆ రెండు పేజీలతో, వాళ్ల నాన్నగారితో కలిసి రండి. క్లాట్ దరఖాస్తు గడువు దాటకముందే వస్తే మంచిది.