ఎండ ఉచితమే, మరి బిల్లెందుకు దిగదు?

పోయిన సంచికలో బొగ్గు మానేసి సోలార్, గాలి కరెంటు వైపు మళ్ళడం గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో కోపంగా ఉన్నవే ఎక్కువ. వాటిల్లోంచి కొన్ని.

ప్ర: సోలార్, విండ్ కరెంటు అన్నిటికన్నా చవకని మీరే రాస్తారు. అవి బాగా పెట్టిన జర్మనీ, బ్రిటన్‌లలోనేమో బిల్లులు చూస్తే గుండె గుభేలుమంటోంది. ఇందులో అబద్ధం ఎవరిది?

జ: అబద్ధం ఎవరిదీ కాదండీ. చవక అన్నది ప్లాంటు గేటు దగ్గరి మాట, మీరు కట్టేది ఇంటి మీటరు దగ్గర. ఆ రెండింటి మధ్యే కథంతా ఉంది.

ముందు మార్కెట్ సంగతి చూద్దాం. యూరప్‌లో హోల్‌సేల్ కరెంటు కొనేటప్పుడు తక్కువకి ఇస్తామన్నవాళ్ళ దగ్గర ముందు తీసుకుంటారు, తర్వాత కాస్త ఎక్కువ అడిగినవాళ్ళ దగ్గర, అలా ఆ పూట డిమాండ్ తీరేదాకా వెళ్తారు, చివర్లో ఎవరి దగ్గర ఆగారో వాళ్ళ రేటే అందరికీ ఇస్తారు. ఆ చివరివాడు చాలాసార్లు గ్యాస్ ప్లాంటే. అందుకే 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర ఆకాశానికెక్కితే, గ్యాస్‌తో ఏ సంబంధమూ లేని గాలిమరల కరెంటుకి కూడా అదే రేటు పడింది. దీనికి విరుగుడుగా బ్రిటన్ కొత్త ప్లాంట్లతో ముందే ఒక రేటు ఖాయం చేసుకుంటోంది. మార్కెట్ ధర అంతకన్నా పడిపోతే తేడా వాళ్ళకి ఇస్తారు, పెరిగితే వాళ్ళు వెనక్కి కట్టాలి. పద్ధతి మంచిదే, కానీ పాత ఒప్పందాల మీద నడిచే ప్లాంట్లు ఇంకా చాలా ఉన్నాయి.

తర్వాత తీగలు. అసలు గొడవ ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బ్రిటన్‌లో గాలి బాగా వీచేది ఉత్తరాన స్కాట్లండ్‌లో, కరెంటు ఎక్కువ కావాల్సింది దక్షిణాన. మధ్యలో ఉన్న లైన్లు అంత కరెంటు మోయలేవు. దాంతో గాలి జోరుగా ఉన్న రోజున స్కాట్లండ్‌లో మరలు ఆపమని డబ్బిస్తారు, అదే సమయంలో దక్షిణాన గ్యాస్ ప్లాంటు వెలిగించమని ఇంకొకరికి డబ్బిస్తారు. ఈ రెండు ఖర్చులూ చేరేది బిల్లులోకే. జర్మనీదీ ఇదే బాధ. ఉత్తరాది గాలి కరెంటుని దక్షిణాది ఫ్యాక్టరీలకి చేర్చే జ్యూడ్‌లింక్ అనే లైను దాదాపు 700 కిలోమీటర్లు, 2022కల్లా పూర్తవ్వాల్సింది, ఇప్పుడు 2028 అంటున్నారు. స్తంభాలు మా ఊళ్ళ మీదుగా వద్దని జనం అడ్డుపడితే 2015లో చట్టం మార్చి కేబుల్ భూమిలో పాతాలన్నారు. సర్వేలు మళ్ళీ మొదటికొచ్చాయి, ఖర్చూ పెరిగింది. ప్యానెళ్ళు నెలల్లో బిగించేయొచ్చు, లైను వేయడానికి మాత్రం పదేళ్ళు పట్టడం మామూలే. ఎన్నికలు నాలుగైదేళ్ళకోసారి వస్తాయి కాబట్టి, నాయకులకి ప్యానెళ్ళ ముందు ఫొటో దిగడంలో ఉన్న సరదా టవర్ కింద దిగడంలో ఉండదు మరి.

ప్ర: 2025 ఏప్రిల్‌లో స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైపోయాయి కదా. సోలార్ ఎక్కువైతే ఇలాగే ఉంటుందని మా ఆఫీసులో ఒకటే వాదన.

జ: ఏప్రిల్ 28, మిట్టమధ్యాహ్నం 12:33. ఆ వేళకి అక్కడ సోలార్ చాలా ఎక్కువగా నడుస్తున్న మాట నిజమే. కానీ విచారణలో తేలింది కరెంటు చాలకపోవడం కాదు, వోల్టేజీ అదుపు తప్పి పెరిగిపోవడం. పెరిగిన వోల్టేజీకి ఒక ప్లాంటు ట్రిప్పయింది, దాంతో ఇంకాస్త పెరిగి మరోటి, అలా సెకన్ల మీద గ్రిడ్ కుప్పకూలింది.

మీ ఆఫీసువాళ్ళకి చెప్పాల్సిన విషయం ఒకటుంది. వోల్టేజీని పట్టి ఉంచే పని అప్పట్లో అక్కడి నిబంధనల ప్రకారం ప్రధానంగా పెద్ద జనరేటర్లున్న పాత తరహా ప్లాంట్లదిగా ఉండేది. సోలార్, విండ్ ప్లాంట్లు ఫిక్స్‌డ్ పవర్ ఫ్యాక్టర్‌లో నడవాల్సి ఉండేది, అంటే వోల్టేజీ పైకీ కిందికీ పోతున్నా వాటంతటవి సర్దకూడదు. ఆధునిక ఇన్వర్టర్లు (ప్యానెళ్ళ కరెంటుని గ్రిడ్‌కి తగ్గట్టు మార్చే యంత్రాలు) ఆ పని చేయగలవు! చేయమని అడిగే రూలే అప్పటికి లేదు. ఆ పని చేయాల్సిన పాత ప్లాంట్లలో కొన్ని ఆ రోజు తమ వంతు సరిగా చేయలేదని ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఆ రూలు మార్చింది కరెంటు పోయిన తర్వాత. సోలార్‌ని తిట్టే ముందు రూల్ బుక్ ఏ కాలంలో రాశారో చూడమనండి.

ప్ర: ఇన్ని తిప్పలెందుకు? కార్బన్ మీద పన్ను వేస్తే ఎవరికి వాళ్ళే మానేస్తారుగా?

జ: ఆర్థికవేత్తల్లో చాలామందికి ఇష్టమైన జవాబు ఇదే, ఓటర్లకి మాత్రం కాదు. 2018లో ఫ్రాన్స్ ఇంధనం మీద ఈ పన్ను ఇంకా పెంచబోతే పసుపు చొక్కాలు వేసుకున్న నిరసనకారులు రోడ్డెక్కారు, పెంపు ఆగింది. బస్సూ రైలూ లేనిచోట కారు తప్ప దారి లేనివాడి మీద పన్ను వేస్తే అతను కారు మానడు, ప్రభుత్వాన్ని మారుస్తాడు.

కెనడా ఇంకాస్త తెలివిగా చేసింది. 2019 నుంచి, సొంత పద్ధతి లేని రాష్ట్రాల్లో వసూలు చేసిన దాంట్లో ఎక్కువ భాగం తిరిగి కుటుంబాలకే ఇచ్చింది. చాలా కుటుంబాలకి కట్టిన పన్ను కన్నా వచ్చిందే ఎక్కువ. అయినా 2025 ఏప్రిల్ 1న సామాన్యుల మీద ఆ పన్ను ఎత్తేశారు. పెట్రోల్ బంకులో పన్ను ప్రతిసారీ కళ్ళకి కనిపిస్తుంది, ఖాతాలో పడిన డబ్బు ఎందుకు పడిందో చాలామందికి తెలియనే తెలియదు. ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంట్లు వదిలే కార్బన్‌కి ధర కట్టించడం వేరే సంగతి. యూరప్‌లో 2005 నుంచి నడుస్తూనే ఉంది, అది ఓటరు చేతికి రసీదులా అందదు కదా. అంతకన్నా పెద్ద రహస్యం ఏమీ లేదని నేననుకుంటాను.

ప్ర: గనుల్లో, థర్మల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళ గురించి ఒక్క ముక్కా రాయరేం? మా ఇంట్లో మూడు తరాల తిండి అదే.

జ: మీ కోపం సరైనదేనమ్మా. బ్రిటన్ 2024 సెప్టెంబర్ 30న తన ఆఖరి బొగ్గు ప్లాంటు రాట్‌క్లిఫ్‌ని మూసేసింది. తొమ్మిదేళ్ళ ముందే మూత సంగతి ప్రకటించడంతో సర్దుకోవడానికి టైము దొరికింది. అదే దేశంలో 1980లలో గనులు మూసినప్పుడు మాత్రం ఊళ్ళకి ఊళ్ళు దిక్కులేకుండా పోయాయి. జర్మనీ బొగ్గు కరెంటు మానడానికి 2038 గడువు పెట్టుకుని, బొగ్గు ప్రాంతాలకి 40 బిలియన్ యూరోల దాకా ఇస్తామని చట్టమే చేసింది. డబ్బు ఒక్కటే చాలదు, ఎందుకంటే కొత్త సోలార్ ఉద్యోగం గని ఉన్న ఊళ్ళోనే పుడుతుందన్న గ్యారంటీ లేదు. గడువు ముందే చెప్పని ప్రభుత్వాన్ని మాత్రం అస్సలు నమ్మకండి.

ప్ర: బ్యాటరీలు చవకవుతున్నాయి కదా, ఇక టెన్షన్ లేనట్టేనా?

జ: సాయంత్రానికి లేనట్టే. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం మిగిలిన సోలార్‌ని బ్యాటరీల్లో నింపి పొద్దు గూకాక వాడుతున్నారు, 2024కే అక్కడ బ్యాటరీల సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. కానీ అవి ఎక్కువగా నాలుగు గంటల బ్యాటరీలు, అంటే పూర్తి జోరున వాడితే నాలుగు గంటల్లో ఖాళీ అయిపోతాయి. చలికాలంలో వారం రోజులు గాలి ఆగి, మబ్బు పట్టి కూర్చుంటే నాలుగు గంటలు ఏ మూలకి? ఆ వారం కోసం జలవిద్యుత్తో, అణు కరెంటో, పక్క దేశం నుంచి లైనో, ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండే గ్యాస్ ప్లాంటో ఉండాలి. ఖాళీగా ఉన్నందుకు ఆ ప్లాంటుకి డబ్బెవరివ్వాలన్నది ఇప్పుడు యూరప్‌లో నడుస్తున్న పెద్ద పేచీల్లో ఒకటి.