స్టీల్ గిటార్ పెద్దాయనకి సన్మానమా? ముందు చేతుల్లేని కుర్చీ వెతకండి

మీ వీధిలో ఉండే పెద్దాయన ఒకప్పుడు అమెరికా కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ స్టూడియోల్లో కంట్రీ పాటలకి స్టీల్ గిటార్ వాయించేవారని, ఆయనకిప్పుడు 80 దాటాయని, ఉగాదికి మనవాళ్ళంతా కలిసినప్పుడు సత్కరించాలని ఉందని రాశారు. శాలువా, మెమెంటో సరిపోతాయా అని అడిగారు.

నేను నాష్‌విల్ దగ్గర పదకొండేళ్ళుగా ఉంటున్నాను. సరిగ్గా ఇలాంటి పని రెండుసార్లు చేశాను. మొదటిసారి చెడగొట్టాను. అదే ముందు చెబుతాను, మీకు పనికొస్తుంది.

మా పక్క వీధి పెద్దాయన కూడా సెషన్ కళాకారుడే, అంటే స్టూడియో రికార్డింగుల్లో వేరేవాళ్ళ పాటలకి స్టీల్ గిటార్ వాయించినవారే. స్టేజీ మీద ఆయన కోసం పెళ్ళిళ్ళలో వేసే సింహాసనం కుర్చీ ఒకటి అద్దెకి తెచ్చి వేశాం. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ "ఎన్నో హిట్ పాటలకి వాయించిన గొప్ప గిటారిస్ట్" అనే అన్నారు. ఒక్క పాట పేరైనా ఎవరూ చెప్పలేదు, నాతో సహా. తర్వాత "రెండు నిమిషాలు వాయించండి సార్" అన్నాం. ఆ వాద్యం పెట్టెలోంచి తీసి, కాళ్ళు మర బిగించి, కింద కడ్డీలు తగిలించి, శ్రుతి చేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అవతల కూచిపూడి పిల్లలు గజ్జెలు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన సింహాసనంలో కూర్చుంటే మోచేతులు కుర్చీ చేతులకి కొట్టుకున్నాయి, మోకాళ్ళు వాద్యం కిందకి దూరలేదు. చివరికి భోజనాల హాల్లోంచి మడత కుర్చీ తెచ్చాం. పైగా స్టేజీ ముందు బంతిపూల తోరణం నిండుగా కట్టాను. దాంతో ఆయన కాళ్ళు ఎవరికీ కనిపించలేదు.

పార్కింగ్ లాట్‌లో సామాను కారెక్కిస్తుంటే ఆయన మామూలుగానే అడిగారు: "ఇంతకీ నేనేం చేస్తానో వాళ్ళకి తెలిసిందంటారా?"

తెలీలేదు. తప్పు మాదే. ఆయన వాయించే స్టీల్ గిటార్‌ని పెడల్ స్టీల్ అంటారు. అది మెళ్ళో తగిలించుకునే గిటార్ కాదు, బల్లలా కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. నాష్‌విల్‌లో ఎక్కువగా వాడే శ్రుతిలో పది తీగలుంటాయి. మెట్లు ఉండవు, గీతలు మాత్రమే. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంటే, కుడి చేతి వేళ్ళు తొడుక్కున్న పిక్కులతో (మీటడానికి వేళ్ళకి పెట్టుకునే తొడుగులతో) మీటుతాయి. అసలు కథ వాద్యం కింద ఉంది. ఎడమ కాలు ఒక పెడల్ తొక్కితే రెండు తీగల శ్రుతి ఒక పూర్తి స్వరం పైకి లేస్తుంది, పక్క పెడల్ తొక్కితే వేరే రెండు తీగలు అర స్వరం లేస్తాయి, మిగతావి కదలవు. మోకాళ్ళకి అటూ ఇటూ మీటలు. కుడి కాలు వాల్యూమ్ పెడల్ మీద. తీగ మీటినప్పుడు సగం తొక్కి ఉంచి, నాదం సన్నగిల్లే కొద్దీ ఇంకాస్త తొక్కుతారు. స్వరం చచ్చిపోకుండా సాగేది అందుకే. కంట్రీ పాటల్లో ఎవరో లోపల ఏడుస్తున్నట్టు వినిపించేది చాలావరకు ఈ కాళ్ళ పనే.

వీణ వాయించేవాళ్ళు మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తారు కదా, ఇక్కడ ఆ లాగే పని కాళ్ళూ మోకాళ్ళూ చేస్తాయి. నేను మనవాళ్ళకి ఇలాగే చెబుతాను. చిత్రవీణ తెలిసినవాళ్ళుంటే జారే కడ్డీ సంగతి ఇంకా తేలిక. అందుకే మొదటి సలహా: తోరణాలు తీసెయ్యండి. కుదిరితే ఒక ఫోన్ కింద పెట్టి ఆయన కాళ్ళని తెర మీద చూపించండి.

ఇక పేరు సంగతి. 1960ల నాష్‌విల్‌లో సెషన్ అంటే మూడు గంటలు. ఆ మూడు గంటల్లో మూడో నాలుగో పాటలు పూర్తయ్యేవి. స్వరాలు రాసిచ్చేవారు కాదు, కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) వరస అంకెల్లో రాసుకుని, ఎక్కడ ఏం పలికించాలో అక్కడికక్కడే తేల్చుకునేవారు. రికార్డు అట్ట మీద గాయకుడి ఫొటో ఉండేది, వాయించినవాళ్ళ పేర్లు చాలాసార్లు ఉండేవి కావు. మన సినిమా పాటల క్యాసెట్ల మీద వేణువు ఎవరిదో, వీణ ఎవరిదో చూసిన గుర్తుందా మీకు? నాకు లేదు.

లాయిడ్ గ్రీన్ అనే స్టీల్ గిటార్ కళాకారుణ్ణి చూడండి. 1937లో మిసిసిపీలో పుట్టి, అలబామాలోని మొబీల్‌లో పెరిగాడు. నాష్‌విల్ వచ్చాక పని దొరక్క కొన్నాళ్ళు చెప్పుల షాపులో అమ్మకాల పని చేశాడు. అక్కడికి చెప్పులు కొనడానికి వచ్చిన ఒకావిడ, పాటల ప్రచురణలో పెద్ద పేరున్న ఫ్రెడ్ రోజ్ గారి భార్య, ఇతను వాయిస్తాడని తెలిసి సంగీతకారుల యూనియన్‌కి అతను కట్టాల్సిన బాకీ తనే కట్టిందని చెబుతారు. అలా మళ్ళీ స్టూడియో గడప తొక్కినవాడు వేల పాటలకి వాయించాడు. 1968 మార్చిలో లాస్ ఏంజిలిస్ రాక్ బ్యాండ్ ద బర్డ్స్ నాష్‌విల్ వచ్చి రికార్డు చేస్తే, స్టీల్ ఆయనదే. అదే నెలలో నాష్‌విల్‌లో పేరున్న కంట్రీ సంగీత ప్రదర్శన గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక మీద జుట్టు పెంచిన ఆ కుర్రాళ్ళ పక్కన కూర్చున్నదీ ఆయనే. 1974లో పాల్ మెకార్ట్‌నీ నాష్‌విల్‌లో 'సాలీ జీ' పాట చేస్తే అందులోనూ ఉన్నాడు. 1980ల చివర్లో చెవి సమస్యతో చాలా ఏళ్ళు స్టూడియోలకి దూరమై, తర్వాత తిరిగొచ్చాడు. బర్డ్స్ ఆల్బమ్‌కి 50 ఏళ్ళైన 2018లో, ఆ ఆల్బమ్‌లోనే స్టీల్ వాయించిన జే డీ మానెస్‌తో కలిసి, ఆ పాటల్ని స్టీల్ గిటార్ మీదే కొత్తగా రికార్డు చేశాడు. నేను విన్నవాటిలో సెషన్ కళాకారుడికి దక్కిన మంచి గౌరవం ఇదే. వెనక ఉన్న వాద్యం ముందుకొచ్చి పాట పాడింది.

బతికుండగా చెయ్యడం కూడా ముఖ్యం. పీట్ డ్రేక్ పేరు వినే ఉంటారు. 'స్టాండ్ బై యువర్ మ్యాన్'లో, బాబ్ డిలన్ 'లే లేడీ లే'లో, జార్జ్ హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'లో స్టీల్ ఆయనది. 1988లో పోయారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంటున్నట్టు 2021లో ప్రకటించారు, వేడుక 2022 మే 1న జరిగింది. డౌన్‌టౌన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ గుండ్రటి హాలుకి వెళ్తే గోడ మీద ఆయన కంచు ఫలకం ఉంటుంది. సంతోషమే. కానీ 34 ఏళ్ళు ఆలస్యం.

రెండోసారి మా పెద్దాయన్ని మా ఇంటికే పిలిచాం. పదిహేను మందిమి, అంతే. ముందు వారం నేను వాళ్ళింటికెళ్ళి ఏ పాటల్లో ఎక్కడ వాయించారో అడిగి రాసుకున్నాను. "రెండో చరణం తర్వాత ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి)" అని అంత కచ్చితంగా చెప్పారు. కొన్ని ఆయనకే గుర్తులేవు, వాళ్ళావిడ అందించారు. ఆ రోజు ఒక్కో పాటా పెట్టి, ఆయన వాయించిన చోటికి ముందు ఆపి, "ఇప్పుడొచ్చేది వీరిది" అని మళ్ళీ వినిపించాం. ఉపన్యాసాలు లేవు. మూడో పాటకి నేను ఆయన్నే చూస్తున్నాను. ఎదురుగా వాద్యం లేదు, చేతిలో టీ కప్పు. గాయని గొంతు ఆగడానికి అరక్షణం ముందు ఆయన ఎడమ పాదం కార్పెట్ మీద మెల్లగా దిగింది. యాభై ఏళ్ళ కిందటి పెడల్‌ని అక్కడే తొక్కారు. మా పిన్ని కొడుకు, మృదంగం నేర్చుకునే పన్నెండేళ్ళవాడు, అది చూసి నన్ను మోచేత్తో పొడిచాడు.

తర్వాత వాద్యం బిగించారు. పిల్లలంతా నేల మీద కూర్చుని కాళ్ళే చూశారు. గంటన్నర సేపు ఎవరూ కదల్లేదు.

మీ విషయానికి వస్తే, సెటప్‌కి అరగంట ముందే పిలవండి. చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి, పక్కనే కరెంటు ప్లగ్ ఉండేలా చూడండి. వాద్యం పెట్టె మోయడానికి ఇద్దరు కుర్రాళ్ళని పెట్టండి, రెండు మెడలు, అంటే రెండు తీగల వరసలు, ఉన్నదైతే చాలా బరువు. శాలువా మాత్రం వాయించడం అయ్యాకే కప్పండి. దాని కుచ్చులు వేలి పిక్కులకి చిక్కుకుంటాయి. మాకు మొదటిసారి అదీ జరిగింది.