రివ్యూలు రాయడం మొదలుపెట్టిన చెల్లికి

చిన్నీ,

నీ మెయిల్ చదివాను, నువ్వు పంపిన రెండు రివ్యూలూ చదివాను. మొదటిదంతా పొగడ్త, రెండోదంతా కోపం, రెండిట్లోనూ నీ ఇష్టాయిష్టాలు తెలిశాయి గానీ పుస్తకం ఎలా ఉందో నాకు తెలీలేదు. "నిన్నగాక మొన్న మొదలుపెట్టినదాన్ని, అంత పెద్ద రచయితని తప్పుపట్టే అర్హత నాకుందా అక్కా" అని అడిగావు కదా, దానికి మార్గరెట్ ఫుల్లర్ గురించి చెప్తాను. అమెరికాలో ఒక దినపత్రికలో పుస్తక సమీక్షనే పూర్తికాలం ఉద్యోగంగా చేసిన మొదటి మహిళ ఆవిడేనంటారు, అదీ 1844లో.

ఆవిడ పుట్టింది 1810లో, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌పోర్ట్‌లో. తండ్రి లాయరు, అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కి కూడా ఎన్నికయ్యాడు, కూతురికి ఆరేళ్ళకే లాటిన్ మొదలుపెట్టించాడు, రాత్రి ఆయన ఇంటికొచ్చేదాకా మేలుకుని పాఠం అప్పజెప్పాలి పాపం, ఆ వయసులో పీడకలలు, తర్వాత జీవితమంతా తలనొప్పులు. ఆ పెంపకం నాకస్సలు నచ్చదు, కానీ ఆ చదువు మటుకు ఆవిడకి చివరిదాకా పనికొచ్చింది. హార్వర్డ్‌లో ఆడపిల్లల్ని చేర్చుకోని రోజులవి, అందుకని జర్మన్ సొంతంగా నేర్చుకుంది, జర్మన్ మహాకవి గోథేతో ఆయన సహాయకుడు ఎకర్‌మన్ చేసిన సంభాషణల్ని 1839లో ఇంగ్లీషులోకి తెచ్చింది. ఈలోపు 1835లో తండ్రి కలరాతో పోతే ఇంటి బరువు మీదపడి, బోస్టన్‌లో, ప్రావిడెన్స్‌లో టీచరుగా కూడా చేసింది. అంటే అర్హత ఎవరో పిలిచి ఇచ్చింది కాదమ్మా, చదివీ చదివీ తనే సంపాదించుకుంది. నువ్వు కూడా ఆ రచయిత మిగతా పుస్తకాలు చదివావా లేదా అన్నది ముందు చూసుకో, నీ వయసెంత అన్నది తర్వాత.

1840లో అమెరికన్ రచయిత ఎమర్సన్ వాళ్ళ బృందం 'ది డయల్' పత్రిక పెట్టినప్పుడు మొదటి ఎడిటర్ ఈవిడే, ఇస్తామన్న 200 డాలర్ల జీతం చేతికి రానేలేదు, అయినా రెండేళ్ళు నడిపింది. మొదటి సంచికలోనే విమర్శకుల మీద చిన్న వ్యాసం రాసింది. నువ్వు తప్పకుండా చదవాల్సింది అదే. విమర్శకులు మూడు రకాలంటుంది. ఒకళ్ళు పుస్తకం చదివి తమకేమనిపించిందో అది చెప్పి ఊరుకుంటారు, అది పుస్తకం గురించి కన్నా వాళ్ళ గురించే ఎక్కువ చెప్తుంది (నీ రెండు రివ్యూలూ ప్రస్తుతం ఇక్కడున్నాయి). ఇంకొకళ్ళు రచయిత మనసులోకి వెళ్ళి, అతను ఏం చెయ్యాలనుకున్నాడో అతని వైపునుంచి అర్థం చేసుకుంటారు. మూడోవాళ్ళు అలా లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి కూడా వస్తారు, వచ్చి అనుకున్నది ఎంతవరకు సాధించాడు, మొత్తం సాహిత్యంలో దీని చోటెక్కడ అని తేలుస్తారు. లోపలికి వెళ్ళకుండా తీర్పు చెప్తే అన్యాయం, వెళ్ళి అక్కడే ఉండిపోతే అది భజన, నేను ఇన్నేళ్ళుగా రివ్యూలు చదువుతున్నా దీనికి మించిన కొలత నాకు దొరకలేదు.

'న్యూయార్క్ ట్రిబ్యూన్' దినపత్రిక ఎడిటర్ హొరేస్ గ్రీలీ పిలిస్తే 1844లో న్యూయార్క్ వెళ్ళి అందులో చేరింది, పేరు బదులు ఒక నక్షత్రం గుర్తు పెట్టి రాసేది. తలనొప్పుల వల్ల హడావిడిగా రాయలేకపోయేది, అయినా అక్కడ ఉన్న రెండేళ్ళలోపే దాదాపు 250 వ్యాసాలు రాసింది, పుస్తకాలే కాదు, జైళ్ళు, పిచ్చాసుపత్రులు వెళ్ళి చూసి వాటి మీదా రాసింది. 1845 జూన్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ మీద రాసినప్పుడు, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన మనిషి కదా అని జాలితో సరిపెట్టలేదు, ఆ కథనం ఎంత సూటిగా, ఎంత నిజంగా, ఎంత పొందికగా ఉందో రచనగా తూచి మెచ్చుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో లాంగ్‌ఫెలో వంతు. అప్పటికి ఆయన ఇంటింటా చదివే కవి. ఆయన మీద జనం కురిపించే అతి పొగడ్త వల్ల తనకి కొంచెం మనసు విరిగిందని ముందే దాచకుండా చెప్పేసింది, ఆయనకి అందమైన వాటి మీదున్న ప్రేమని ఒప్పుకుంది, ఆ తర్వాత ఈ కవిత్వం చాలామటుకు పుస్తకాల్లోంచి వచ్చింది, సొంత చూపు తక్కువ అంది. వరస చూశావా? తన పక్షపాతం ముందు, ఆయన మంచి తర్వాత, లోపం ఆఖరున, అన్నిటికీ కవితల్లోంచే రుజువులు.

దీనికి ఖర్చూ ఉంది, అది నీకు దాచను. జేమ్స్ రసెల్ లోవెల్ కవిత్వంలో లోతు లేదు, రాబోయే తరాలు గుర్తుపెట్టుకోవు అని రాసినందుకు, ఆయన 1848లో అప్పటి రచయితల మీద రాసిన 'ఎ ఫేబుల్ ఫర్ క్రిటిక్స్' అనే వ్యంగ్య కావ్యంలో ఈవిడని మిరాండా అనే పాత్రగా పెట్టి ఎగతాళి చేశాడు. అప్పటికి ఆవిడ ట్రిబ్యూన్ విలేఖరిగా యూరప్‌లో ఉంది. రోమ్‌లో 1849 విప్లవం కళ్ళారా చూసి వార్తలు పంపింది, గాయపడ్డవాళ్ళ ఆసుపత్రి నడిపింది, ఆ విప్లవ చరిత్ర పుస్తకంగా రాసింది. 1850 జూలై 19న తిరిగొస్తుంటే న్యూయార్క్ దగ్గర ఫైర్ ఐలాండ్ ఒడ్డున ఓడ ఇసుకమేటకి తగిలి మునిగింది, భర్త ఒస్సోలి, రెండేళ్ళు నిండని కొడుకుతో సహా పోయింది, నలభై ఏళ్ళే. ఆ రాతప్రతీ దొరకలేదు, దాని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఇప్పుడు నీ పని. కోపంగా రాసినదాన్ని పక్కన పెట్టి ఆ నవల ఇంకోసారి చదువు, రచయిత ఏం చెయ్యబోయాడో ఒక పేరా రాయి, ఎంత రాసినా అందులో "నాకు" అన్న మాట రాకూడదు. ఆ తర్వాత నీ తీర్పు ఎంత గట్టిదైనా సరే రాయి, ప్రతి మాటకీ పేజీలోంచి ఒక వాక్యం చూపించు. ఆ రచయిత మీ ఊరివాడైతే, పరిచయస్తుడైతే ఆ మాట మొదట్లోనే చెప్పెయ్. ఫుల్లర్‌ని చదవాలంటే డగ్లస్ రివ్యూతో మొదలుపెట్టు, చిన్నది, తేలిగ్గా ఉంటుంది. డయల్ వ్యాసం భాష పాతది, వాక్యాలు పొడుగు, మొదటిసారి సగమే ఎక్కుతుంది, ఫర్వాలేదు, నువ్వు ఆగిపోయిన చోట్లు గుర్తుపెట్టి పంపితే కలిసి చదువుదాం.

ప్రేమతో,
అక్క